కేసు పెట్టాక ఇల్లు, తిండి, పిల్లలు, భూమి: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారికి సివిల్ న్యాయ సహాయం

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం చుట్టుపక్కల మన కుటుంబాల్లో ఏ ఘోరం జరిగినా పెద్దలు ముందు పోలీస్ స్టేషనుకే వెళ్తారు. మంచిదే. కానీ ఎఫ్ఐఆర్ అయ్యాక, "కేసు ఎట్టేసినాం కదా, ఇంకేటి సేస్తాం?" అని ఇంటికొచ్చి కూర్చుంటారు. నాకు బాధ కలిగించేది ఆ మాటే. క్రిమినల్ కేసు నడిపేది ప్రభుత్వం. అందులో వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్ ప్రభుత్వ వకీలు. నేరం రుజువైతే ముద్దాయికి శిక్ష పడుతుంది. అత్తవారు గెంటేసిన అమ్మాయి ఎక్కడ తల దాచుకోవాలి, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, చెయ్యి విరిగిన మనిషి ఇల్లు ఎలా గడవాలి, దౌర్జన్యంగా దున్నేసుకున్న పొలం ఎలా తిరిగి రావాలి అన్నవాటిని ఆ కేసు తనంతట తాను చూడదు. అవి సివిల్ వ్యవహారాలు. వాటిని విడిగా అడగాలి, అడగాల్సిన చోట అడగాలి, గడువు దాటకుండా అడగాలి.

ముందే రెండు సంగతులు తెలుసుకుంటే ధైర్యం వస్తుంది. బాధితుల్లో ఎక్కువమందికి ఈ పనులకు లాయరు ఉచితంగా దొరుకుతారు. ఇక నేరం ఏటి అవతల పాతపట్నంలోనో ఇచ్ఛాపురంలోనో జరిగినా, చాలా రకాల అర్జీలు మీరు ఇప్పుడు ఉంటున్న ఊరి కోర్టులోనే వేసుకోవచ్చు.

మొదటి వారం: కాగితాలు

సివిల్ కోర్టులో మీ మాటకు బలం కాగితం. అన్నిటికంటే ముందు చేతికి రావాల్సింది ఎఫ్ఐఆర్ నకలు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఆ నకలు ఫిర్యాదుదారుకు గానీ బాధితులకు గానీ ఉచితంగా ఇవ్వాలి. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా మీరు వెళ్లిన స్టేషన్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తర్వాత దాన్ని సంబంధిత స్టేషనుకు వాళ్లే పంపుతారు. "అది ఆంధ్రా కేసు, అటు పొండి" అని తిప్పి పంపితే అదే ఫిర్యాదును పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి, రసీదు దాచుకోండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు.

మనవాళ్లకు అసలు చిక్కు భాష దగ్గర వస్తుంది. స్టేషన్‌లో ఫిర్యాదు ఒడియాలో రాస్తారు. మనలో చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్నాక చదివి వినిపించాలని చట్టమే చెబుతోంది. కాబట్టి రెండు భాషలూ చదవగలిగే బంధువునో టీచరునో వెంట తీసుకెళ్లండి. వాక్యం వాక్యం తెలుగులో చెప్పించుకున్నాకే సంతకమో వేలిముద్రో వేయండి. తేదీలు, పేర్లు, సొమ్ము ఎంత, నగలు ఎన్ని తులాలు, అక్కడ ఎవరెవరు ఉన్నారు అన్న నాలుగైదు వివరాలను మరీ జాగ్రత్తగా చూడండి. రేపు మీరు నగల కోసమో మనోవర్తి కోసమో అర్జీ వేసినప్పుడు అవతలి వకీలు ముందుగా వెతికేది ఎఫ్ఐఆర్‌కూ అర్జీకీ మధ్య తేడానే. స్టేషన్‌లో అనువాదంలో పోయిన ఒక్క ముక్క మిమ్మల్ని అబద్ధమాడినవారిగా చూపిస్తుంది.

లైంగిక నేరాల్లో బాధితురాలి మాట మహిళా పోలీసు అధికారి నమోదు చేయాలి. ఒడిశాలో పోలీస్ స్టేషన్లలో మహిళా శిశు డెస్కులు ఉంటాయి, వాటిని అడగండి. వైకల్యం ఉన్న బాధితురాలైతే ఆమె ఇంటికే వచ్చి, అవసరమైతే దుబాసీ సాయంతో రాసుకోవాలి.

ఆసుపత్రి కాగితాలది తర్వాతి వరస. అత్యాచారం, యాసిడ్ దాడి, పిల్లలపై లైంగిక నేరాల బాధితులకు ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా ప్రథమ చికిత్స, వైద్యం ఉచితంగా అందించి తీరాలి. మిగతా కేసుల్లో మన వాళ్లు బరంపురం పెద్దాసుపత్రికో, శ్రీకాకుళానికో, విశాఖకో వెళ్తుంటారు. ఎక్కడికి వెళ్లినా డిశ్చార్జి కాగితం, మందుల చీటీలు, బస్సు టికెట్లు, అంబులెన్సు ఖర్చు అన్నీ అసలువే దాచండి. పక్క రాష్ట్రపు బిల్లులు చెల్లవని ఎవరైనా అంటే నమ్మొద్దు.

ఇంకో కాగితాన్ని జనం పట్టించుకోరు: మీరు ఇప్పుడు ఇక్కడ ఉంటున్నారనడానికి ఆధారం. ఆధార్‌లో అత్తవారి ఆంధ్రా చిరునామా ఉంటుంది, మనిషి పర్లాకిమిడి పుట్టింట్లో ఉంటుంది. పుట్టింటి రేషన్ కార్డు, సర్పంచ్ ఇచ్చిన లేఖ, పిల్లల్ని ఇక్కడి బడిలో చేర్చిన కాగితం, అంగన్‌వాడీ నమోదు, ఏదో ఒకటి సంపాదించండి. ఇక్కడి కోర్టులో కేసు వేసే హక్కు దాని మీదే నిలుస్తుంది.

వీటితో పాటు ఒక నోటు పుస్తకం పెట్టుకుని జరిగింది జరిగినట్టు తేదీల వరసలో తెలుగులోనే రాయండి. ఫోన్‌లో బెదిరింపు మెసేజ్‌లు ఉంటే చెరపొద్దు, ఆ ఫోను అమ్మొద్దు.

ఉచిత లాయరును అడగడం

1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్‌లో ఎవరికి ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలో రాసుంది. స్త్రీలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, మనుషుల అక్రమ రవాణా లేదా వెట్టిచాకిరీ బాధితులు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, కుల దాడులకు, వరదకు, పెను విపత్తులకు గురైనవారు, నిర్బంధంలో ఉన్నవారు అందులో ఉన్నారు. వీళ్లెవరికీ ఆదాయ పరిమితి లేదు. ఈ వర్గాల్లో దేనిలోనూ లేని మగవారికి మాత్రమే రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి వర్తిస్తుంది. దానికీ మామూలుగా మీరిచ్చే అఫిడవిట్ సరిపోతుంది.

ఆంధ్రలో పుట్టి ఇటు కోడలిగా వచ్చిన స్త్రీని "నీ కుల ధ్రువపత్రం ఇక్కడ చెల్లదు" అని భయపెట్టేవారు ఉంటారు. ఉచిత లాయరు కోసం ఆమెకు ఆ పత్రమే అక్కర్లేదు. స్త్రీ కావడమే చాలు.

ఎక్కడికి వెళ్లాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు. ఇక్కడ బోర్డు మీద ఒడియాలో జిల్లా ఆయిన సేవా ప్రాధికరణ అని ఉంటుంది. అది జిల్లా కోర్టుతో పాటే ఉంటుందని గుర్తుపెట్టుకోండి, కలెక్టరేట్‌తో కాదు. గంజాం కలెక్టరేట్ ఛత్రపురంలో ఉన్నా జిల్లా కోర్టు బరంపురంలో ఉంది. కోరాపుట్ జిల్లాకు జిల్లా జడ్జి కోర్టు జయపురంలో ఉంది. గజపతి జిల్లావారికి పర్లాకిమిడి, రాయగడవారికి రాయగడ, మల్కనగిరివారికి మల్కనగిరి. దూరపు పల్లెలవారు దగ్గరి తాలూకా న్యాయ సేవా కమిటీకైనా వెళ్లొచ్చు. ప్రయాణం కుదరకపోతే 15100కు ఫోన్ చేయండి, అది ఉచిత న్యాయ సహాయానికి దేశమంతా పనిచేసే నంబరు.

అర్జీ రాయడం రాకపోతే నోటితో చెప్పండి. అక్కడి పారా లీగల్ వాలంటీర్లు రాసిపెడతారు. మీ సమస్యను తెలుగులో ఒక పేజీలో రాసుకుని వెంట తీసుకెళ్లండి, ఒడియాలోకో ఇంగ్లీషులోకో మార్చేటప్పుడు ఏదీ జారిపోదు. అర్జీ మీద 7 రోజుల్లోపు నిర్ణయం తీసుకోవాలన్నది నిబంధన. కాదంటే ఆ సంస్థ అధ్యక్షుడైన జిల్లా జడ్జికి అప్పీలు చేసుకోవచ్చు. ఉచిత సహాయం అంటే లాయరు ఫీజు ఒక్కటే కాదు. కోర్టు ఫీజు, నోటీసుల ఖర్చు, టైపింగు, పత్రాల అనువాదం కూడా అందులోకే వస్తాయి. మన సరిహద్దులో ఆ చివరి మాట చాలా విలువైనది.

అర్జీలోనే ఒక వాక్యం చేర్చండి: "నాకు తెలుగు అర్థమవుతుంది, తెలుగు తెలిసిన లాయరును ఇప్పించండి." పర్లాకిమిడి, బరంపురం కోర్టుల్లో తెలుగు మాట్లాడే వకీళ్లు ఉన్నారు. అడగనిదే ఇవ్వాలని ఎవరికీ తోచదు. మరో జాగ్రత్త కూడా చెప్పాలి. ఇదే సంస్థ ముద్దాయికి కూడా లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ ద్వారా ఉచిత లాయరును ఇస్తుంది. అది అతని హక్కు, దానికి కోపగించుకోనక్కర్లేదు. మీకు మాత్రం ప్యానెల్ నుంచి, అంటే ఆ సంస్థ నియమించుకున్న లాయర్ల జాబితా నుంచి, వేరే వకీలు రావాలి. మీ కేసు వివరాలు చెప్పేముందు ఎదుటి మనిషి ఎవరి తరఫున ఉన్నారో అడిగి తెలుసుకోండి.

ప్యానెల్ లాయరు మీ దగ్గర రూపాయి కూడా అడగకూడదు. అడిగినా, వాయిదాలకు రాకపోయినా కార్యదర్శికి రాతపూర్వకంగా చెప్పి లాయరును మార్చమనండి. అలా అడిగితే కేసు పాడవుతుందని జంకుతారు. పాడయ్యేది ఊరుకుంటేనే. మీకిచ్చిన ఆ లాయరే కోర్టు అనుమతితో క్రిమినల్ కేసులో పబ్లిక్ ప్రాసిక్యూటరుకు సహకరించవచ్చు కూడా.

ఇంట్లో హింస: ఇల్లు, భరణం, పిల్లలు

ఈ విషయం మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. సరిహద్దు సంబంధాలు మనకు మామూలు. పిల్ల ఇటు, పెళ్లికొడుకు టెక్కలిలోనో పార్వతీపురంలోనో. గొడవ ముదిరి అమ్మాయి పుట్టింటికి చేరితే, "కేసు అక్కడే వెయ్యాలట, ప్రతి వాయిదాకూ అటే వెళ్లాలట" అన్న మాటతో ఇంటిల్లిపాదీ నీరుగారిపోతారు. అది నిజం కాదు.

2005 నాటి గృహ హింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం బాధితురాలు తాత్కాలికంగా ఉంటున్న ఊరి మేజిస్ట్రేటు కోర్టులోనూ అర్జీ వేయొచ్చు. ఆ కోర్టు ఇచ్చిన ఉత్తర్వు దేశమంతా చెల్లుతుంది, అంటే పర్లాకిమిడి ఉత్తర్వు శ్రీకాకుళంలోనూ అమలవుతుంది. మనోవర్తి కేసు భార్య ఉంటున్న చోట వేసుకోవచ్చు. హిందూ వివాహ చట్టం కింద విడాకుల అర్జీ కూడా భార్య తాను ఉంటున్న చోటే వేయొచ్చు. క్రూరత్వం కేసు సైతం, అత్తవారింటి హింస భరించలేక వచ్చి తలదాచుకున్న చోట పెట్టొచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

గృహ హింస చట్టం కింద ఒకే అర్జీలో ఇవన్నీ అడగొచ్చు:

కొట్టకుండా, దగ్గరికి రాకుండా, ఫోన్లో వేధించకుండా రక్షణ ఉత్తర్వు.
ఇంట్లో ఉండే హక్కు, లేదా వేరే ఇంటికి అద్దె. ఇల్లు అత్తమామల పేరు మీద ఉన్నా, కాపురం ఉన్న ఇల్లయితే ఆ హక్కు అడగొచ్చని 2020లో సతీశ్ చందర్ అహూజా కేసు తీర్పు.
వైద్యం ఖర్చు, పోయిన సంపాదన, నెలనెలా భరణం.
స్త్రీధనం, నగలు, సర్టిఫికెట్లు వెనక్కి ఇప్పించడం.
పిల్లల తాత్కాలిక సంరక్షణ.
పడ్డ శరీర బాధకు, మనోవేదనకు పరిహారం.

నగలు అడిగేటప్పుడు "బంగారం ఇప్పించండి" అని ఊరుకోకండి. హారం ఎన్ని తులాలు, నల్లపూసలు ఎన్ని, ఎవరు పెట్టారు, ఏ పెళ్లి ఫొటోలో కనిపిస్తోంది, చివరిసారి ఎవరి బీరువాలో ఉంది, ఇలా పట్టిక రాసి జత చేయండి. నగల కొట్టు రసీదు లేకపోయినా ఫొటో పనికొస్తుంది.

అర్జీ రాయడానికి జిల్లాలోని ప్రొటెక్షన్ ఆఫీసరు గానీ సఖి వన్ స్టాప్ సెంటరు గానీ సాయపడాలి. 181 మహిళా హెల్ప్‌లైన్ వారు ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. ప్రాణభయం ఉంటే ముందు 112. అర్జీ అందిన 3 రోజుల్లో మొదటి వాయిదా పడాలి, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి అని చట్టంలో ఉంది. ఆచరణలో ఆలస్యమవుతుంది. అందుకే అర్జీతో పాటే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోరుతూ అఫిడవిట్ వేయమని లాయరుకు గట్టిగా చెప్పండి. అవతలివారు రాకముందే కోర్టు తాత్కాలిక రక్షణ ఇవ్వగలదు.

ఆలస్యానికి అసలు కారణం నోటీసు అందకపోవడం. భర్త పక్క రాష్ట్రంలో ఉంటాడు, నోటీసు "చిరునామాలో లేరు" అని తిరిగొస్తుంది, ఇటు వాయిదా మీద వాయిదా పడుతుంది. దీన్ని తప్పించడం మీ చేతుల్లో కొంత ఉంది. ఇంటి నంబరు, వీధి, గ్రామం, మండలం, పోలీస్ స్టేషన్, సెల్ నంబరు, పనిచేసే చోటు అన్నీ ఇవ్వండి. అతను పలాసలో జీడిపప్పు వ్యాపారం చేస్తుంటే కొట్టు చిరునామా, హైదరాబాద్‌లోనో సూరత్‌లోనో పనిలో ఉంటే కంపెనీ చిరునామా కూడా రాయండి.

భరణం ఎంత వస్తుందన్నది అతని ఆదాయం మీరెంత చూపగలరన్న దానిమీద ఆధారపడుతుంది. 2020లో రజనీశ్ వర్సెస్ నేహ తీర్పు తర్వాత ఇద్దరూ తమ ఆస్తులు, ఆదాయం అఫిడవిట్‌లో చెప్పాలి. భరణం అర్జీ వేసిన తేదీ నుంచే లెక్కించాలి. అతను తక్కువ చూపిస్తాడని ముందే అనుకుని సిద్ధపడండి. ఆంధ్రలో భూమి ఉంటే మీభూమి పోర్టల్‌లో భూమి రికార్డులైన 1-బి, అడంగల్ తీయొచ్చు. ఒడిశాలో ఉంటే భూలేఖ్. బండి ఆర్‌సీ, బ్యాంకు పాస్‌బుక్కు ఫొటో, చీటీలు కట్టిన పుస్తకం, అన్నీ ఆధారాలే.

ఈలోపు అతను శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో విడాకుల కేసు వేశాడనుకోండి. సమన్లు పుచ్చుకోకుండా తలుపు వేసుకోవడం మనవాళ్లు చేసే ప్రమాదకరమైన పని. రాకపోతే అతని మాటే నిలిచి ఏకపక్షంగా డిక్రీ అయిపోతుంది. సమన్లు తీసుకోండి, వెంటనే న్యాయ సేవాధికార సంస్థకు చూపించండి. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి సివిల్ కేసు మార్చే అధికారం సుప్రీంకోర్టుకే ఉంది, సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్ కింద. పసిపిల్లలు, తోడు లేకపోవడం, దూరం, ప్రయాణ ఖర్చు, అక్కడ ప్రాణభయం లాంటి కారణాలు చెప్పి కేసు మార్చమని అడగొచ్చు. ఢిల్లీ వెళ్లనక్కర్లేదు. సుప్రీంకోర్టు న్యాయ సేవా కమిటీ ఉచితంగా లాయరును ఇస్తుంది, స్త్రీకి అక్కడా ఆదాయం అడ్డు కాదు. జిల్లా సంస్థ ద్వారానే అర్జీ పంపించమనండి.

ప్రభుత్వం ఇచ్చే పరిహారం

ముద్దాయి దొరకకపోయినా, కేసు తేలకపోయినా పరిహారం అడగొచ్చని చాలామందికి తెలియదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షన్, ఒడిశా బాధితుల పరిహార పథకం 2017 దీనికి ఆధారం. అర్జీ ఇచ్చేది మళ్లీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకే. విచారణ 2 నెలల్లో పూర్తి చేయాలి. మహిళా బాధితులకు జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) 2018లో తయారుచేసిన పథకంలో మొత్తాలు స్పష్టంగా ఉన్నాయి: ప్రాణం పోతే 5 నుంచి 10 లక్షలు, అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారానికి 5 నుంచి 10 లక్షలు, యాసిడ్ దాడిలో ముఖం పాడైతే 7 నుంచి 8 లక్షలు. యాసిడ్ బాధితురాలికి విషయం తెలిసిన 15 రోజుల్లో మొదటి లక్ష ఇవ్వాలి. ఆ పథకం కింద అర్జీకి గడువు 3 ఏళ్లు, కానీ అంతదాకా ఆగడానికి ఏ కారణమూ లేదు.

ఎఫ్ఐఆర్ నకలు, వైద్య కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్కు, గుర్తింపు పత్రం, చనిపోయినవారి కోసమైతే మరణ ధ్రువపత్రం, వారసత్వ ఆధారం జత చేయండి. వైద్యానికి తక్షణం డబ్బు కావాలంటే మధ్యంతర సాయం కోరుతున్నట్టు విడిగా రాయండి. వచ్చిన సొమ్ములో పెద్ద భాగం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తారు, కంగారు పడకండి, అది మీదే. ఇచ్చింది చాలకపోతే కటక్‌లోని రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థకు అప్పీలు ఉంది. లైంగిక నేరాల కేసుల్లో బాధితురాలి పేరు బయటపెట్టడం నేరం. కాగితాల నకళ్లు ఊళ్లో ఎవరి చేతా వాట్సాప్‌లో పంపించకండి, జిరాక్స్ షాపులో కూడా దగ్గర నిలబడి తీయించుకోండి.

ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసైతే పై పరిహారం కాకుండా జిల్లా యంత్రాంగం ఇచ్చే సాయం వేరే ఉంది. 2016 సవరణ తర్వాత నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా. అది ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, తీర్పు అన్న దశల్లో విడతలుగా వస్తుంది. రెండో విడత ఆగిపోవడం మామూలు. ఛార్జిషీటు వేశారని తెలిసిన రోజే కలెక్టరేట్‌లోని సంక్షేమ విభాగంలో రాతపూర్వకంగా గుర్తుచేయండి. కోర్టుకు వచ్చిపోయే ఖర్చులు కూడా బాధితులకు, సాక్షులకు ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది.

భూమి, డబ్బు

మిమ్మల్ని కొట్టి భూమిలోంచి వెళ్లగొడితే, కొట్టినందుకు పెట్టిన కేసు భూమిని తెచ్చిపెట్టదు. ఇక్కడ అన్నిటికంటే ముఖ్యం 6 నెలల గడువు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద, చట్టప్రకారం కాకుండా స్వాధీనం పోయినవారు ఆ రోజు నుంచి 6 నెలల్లోపు దావా వేస్తే, హక్కు ఎవరిదన్న పెద్ద వాదన లేకుండా ముందు స్వాధీనం తిరిగి వస్తుంది. ఆ గడువు దాటితే హక్కు రుజువు చేసుకునే పాత దావాయే గతి, అది ఏళ్లు సాగుతుంది. కాబట్టి గాయాలు మానేదాకా ఆగొద్దు. పంట ఫొటోలు, శిస్తు రసీదులు, పక్క పొలం వాళ్ల పేర్లు సిద్ధం చేసి లాయరును కలవండి.

1936 దాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. కొందరి ఇళ్లలో ఇప్పటికీ ఆ కాలపు తెలుగు దస్తావేజులు ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. పాత తెలుగు రాత చదవగలిగే పెద్దవారి చేత శుభ్రంగా తిరగరాయించి, ధ్రువీకరించిన అనువాదం చేయించండి. అసలు పత్రం మాత్రం ఎవరికీ చేతికివ్వొద్దు, కోర్టు అడిగినప్పుడే దాఖలు చేయండి.

ఆదివాసీ భూమి సంగతి వేరు. కోరాపుట్, రాయగడ, మల్కనగిరి జిల్లాలు పూర్తిగా, గజపతిలో ఆర్.ఉదయగిరి తాలూకా, గుమ్మ, రాయగడ బ్లాకులు షెడ్యూల్డ్ ప్రాంతాలు. అక్కడ ఆదివాసీ భూముల బదిలీ మీద చేసిన 1956 నాటి 2వ రెగ్యులేషన్ వర్తిస్తుంది. ఆదివాసీ భూమిని ఆదివాసీ కానివారు మోసంతోనో బెదిరించో తీసుకుంటే దాన్ని తిరిగి ఇప్పించమని సబ్ కలెక్టరును అడగాలి, సివిల్ కోర్టుకు కాదు. చిల్లంగి (చేతబడి) పెట్టారని నింద వేసి ముసలివాళ్లను ఊరి నుంచి తరిమిన ఘటనల వెనక చాలాసార్లు ఈ భూమి ఆశే ఉంటుంది. చిల్లంగి నిందతో హింసించడాన్ని ఆపడానికి ఒడిశాలో 2013 నాటి ప్రత్యేక చట్టం ఉంది. కానీ ఆ క్రిమినల్ కేసుతో పాటు భూమి కోసం రెండో అర్జీ పడకపోతే తరిమినవాడి కోరిక తీరినట్టే.

మోసం చేసి తీసుకున్న అప్పు, చీటీ డబ్బులకు దావా గడువు మామూలుగా 3 ఏళ్లు. పోలీసు కేసు నడుస్తున్నా ఆ గడువు ఆగదు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ముందు 1930కి ఫోన్. ఎంత త్వరగా చేస్తే అంత డబ్బును అవతలి ఖాతాలో ఆపగలుగుతారు. ఆగిన డబ్బు తనంతట రాదు, విడుదల చేయమని కోర్టులో అర్జీ వేయాలి.

రోడ్డు ప్రమాద పరిహారం అర్జీకి చట్టంలో 6 నెలల గడువు ఉంది, మీ ఊరి ట్రిబ్యునల్‌లోనే వేయొచ్చు. గుద్ది పారిపోయిన బండైతే ప్రాణనష్టానికి 2 లక్షలు, తీవ్ర గాయాలకు 50 వేలు. ఇటుక బట్టీల్లోనో మరోచోటో వెట్టికి పెట్టారని తేలి అధికారులు విడిపిస్తే, విడుదల పత్రం చేతికి రాకుండా ఊరికి బయలుదేరొద్దు. తక్షణ సాయం, తర్వాతి పునరావాస సాయం ఆ పత్రం మీదే ఆధారపడతాయి.

రాజీ కాగితం

పెద్దమనుషులు ఇరువైపుల నుంచీ కూర్చుంటారు. "కోర్టుకెక్కితే ఇల్లు గుల్ల" అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నందువల్లే అది మనల్ని లొంగదీస్తుంది. డబ్బు తగవులో, హద్దు తగవులో రాజీ మంచిదే. కానీ అత్యాచారం, హత్యాయత్నం లాంటి నేరాలు ఊరి రాజీతో మాఫీ కావు, వాటిని లోక్ అదాలత్ కూడా ముట్టుకోదు. ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం మాత్రం ఎప్పుడూ, ఎవరి మాట మీదా పెట్టకండి.

లోక్ అదాలత్‌కు వెళ్తే ఒకటి తెలుసుకుని వెళ్లండి. అక్కడ ఇచ్చిన అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అందుకే సంతకానికి ముందు ప్రతి షరతూ తెలుగులో చెప్పించుకోండి. ఎంత డబ్బు, ఏ తేదీకి, ఇవ్వకపోతే ఏమవుతుంది అన్న మూడూ అందులో ఉండాలి. రాజీ కోసం బెదిరిస్తుంటే సాక్షుల రక్షణ పథకం 2018 కింద జిల్లాలో రక్షణ కోరవచ్చు, లాయరును అడగండి.

ఉత్తర్వు వచ్చాక

భరణం మంజూరైందని మిఠాయి పంచాక రూపాయి రాని ఇళ్లు నాకు తెలుసు. ఉత్తర్వు వచ్చిన రోజే ధ్రువీకరించిన నకళ్లకు దరఖాస్తు పెట్టండి. గృహ హింస ఉత్తర్వు నకలు కక్షిదారులకు ఉచితంగా ఇవ్వాలి, ఒకటి స్థానిక స్టేషనుకూ వెళ్లాలి. అతను ఉండేది ఆంధ్రా స్టేషన్ పరిధి అయితే అక్కడి ఎస్సైకి మీరే రిజిస్టర్డ్ పోస్టులో ఒకటి పంపండి. రక్షణ ఉత్తర్వును ధిక్కరిస్తే ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా.

మనోవర్తి బకాయికి ఒక్క గడువును గోడ మీద రాసిపెట్టుకోండి. ఏ నెల సొమ్ము ఆగిందో, అది చెల్లాల్సిన రోజు నుంచి ఏడాదిలోపు వసూలుకు అర్జీ వేయాలి. రెండేళ్లు ఓపిక పట్టి ఒకేసారి అడుగుదామనుకుంటే మొదటి ఏడాది సొమ్ము ఈ దారిలో రాకుండా పోతుంది. సివిల్ డిక్రీకి అమలు గడువు 12 ఏళ్లు. ఆస్తి ఆంధ్రలో ఉంటే ఇక్కడి కోర్టు ఆ డిక్రీని అక్కడి కోర్టుకు అమలు కోసం పంపగలదు. అమలు అర్జీకి కూడా ఉచిత లాయరు వస్తారు, అక్కడి జిల్లాలో అక్కడి న్యాయ సేవాధికార సంస్థ ఇస్తుంది.

భరణం సొమ్ము బ్యాంకు ఖాతాకే వేయాలని ఉత్తర్వులోనే రాయించుకోండి. మావయ్య చేతిలో పెట్టాను, తమ్ముడికిచ్చి పంపాను అన్న వాదనకు చోటుండదు, బకాయి లెక్క పాస్‌బుక్కే చెబుతుంది. ఖాతా మీ ఒక్కరి పేరు మీద, మీ చేతిలో ఉన్న ఫోన్ నంబరుతో ఉండాలి.